రంగూన్‌లో దిగిన చిన్న విమానం

చెన్నపట్నానికి ఉత్తరపు కొసన, రాయపురం దాటి తిరువొత్తియూరు వైపు వెళ్లే దారిలో తొండియార్‌పేట ఉంది. తూర్పున సముద్రం, దక్షిణాన రేవు, ఆ పక్కన రైలు పట్టాలు, నూనె టాంకులు. వీధుల్లో తమిళం, తెలుగు కలగలిసిన మాట. రామనాథపురం తీరంలోని తొండి అనే ఊరినుంచి వచ్చి ఈ ప్రాంతంలో నివసించిన కుణంగుడి మస్తాన్ సాహెబు అనే సూఫీ కవిని జనం తొండియార్ అని పిలిచేవారనీ, ఆయన వల్లనే ఈ పేటకు ఆ పేరు వచ్చిందనీ పెద్దలు చెబుతారు. అంటే ఎక్కడినుంచో వచ్చి దిగిన ఒక మనిషి పేరే ఊరి పేరయిందన్నమాట.

ఈ ఉత్తర మద్రాసులోని పాత తెలుగు కుటుంబాల మాటల్లో ఒక ఊరి పేరు తరచుగా వినిపించేది. అదే రంగం. అట్లాసులో వెతికితే ఆ పేరు కనబడదు. రంగూన్‌ను మనవాళ్లు రంగం అన్నారు. "మా తాత రంగం వెళ్లాడు", "ఆ ఇల్లు రంగం డబ్బుతో కట్టింది" అనే మాటలు శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా తీరం పొడవునా ఒకప్పుడు మామూలు. నేడు ఆ దేశాన్ని మయన్మార్ అనీ, ఆ నగరాన్ని యాంగోన్ అనీ అంటున్నారు. ఈ ప్రసంగంలో మాత్రం ఆనాటి పేర్లనే వాడతాను.

నేను చెప్పబోయేది ఆ రంగూన్ పక్కన 1930 మే నెలలో జరిగిన ఒక చిన్న విమాన ప్రమాదం గురించి. ప్రమాదమంటే పెద్దదేమీ కాదు. ఎవరి ప్రాణమూ పోలేదు. ఒక చిన్న విమానం నేలమీదికి దిగుతూ, ఆగవలసిన చోట ఆగక గుంటలో పడింది. అయినా దాన్ని ప్రపంచం గుర్తుపెట్టుకుంది. అదే నెలలో, అదే నగరంలో, మన తెలుగు కూలీలకు జరిగిన దాన్ని మాత్రం మనమే మరిచిపోయాం. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలన్నదే నా ఉద్దేశం.

1930 మే 5వ తేదీ, సోమవారం. చరిత్రలో కొన్ని రోజులు విచిత్రంగా బరువెక్కి ఉంటాయి. ఆ రోజు అటువంటిది. ఉప్పు సత్యాగ్రహం సాగుతుండగా గుజరాత్‌లో దండి దగ్గరి ఒక పల్లెలో అర్ధరాత్రి దాటాక గాంధీజీని అరెస్టు చేశారు. అదే రోజు ఉదయం లండన్ నగరం పక్కన క్రాయ్‌డన్ విమానాశ్రయం నుంచి ఇరవైఆరేళ్ల యువతి ఒకామె ఒంటరిగా ఆస్ట్రేలియాకు బయలుదేరింది. అదే రోజు రాత్రి బర్మాలో పెద్ద భూకంపం వచ్చింది. రంగూన్‌కు ఈశాన్యాన ఉన్న పెగూ పట్టణం నేలమట్టమయింది. అక్కడి ష్వేమొడో పగోడా బాగా దెబ్బతింది. పెగూలోనూ రంగూన్‌లోనూ కలిపి ఐదువందల మందికి పైగా చనిపోయారు. ఈ మూడు సంఘటనలకూ ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు. కానీ మూడింటి నీడలూ మూడు వారాల్లో రంగూన్ మీద పడ్డాయి.

ఆ యువతి పేరు ఏమీ జాన్సన్. ఇంగ్లండ్‌లో హల్ అనే రేవు పట్టణంలో 1903లో పుట్టింది. ఆ కుటుంబానిది చేపల వ్యాపారం. షెఫీల్డ్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివి డిగ్రీ తీసుకుంది. లండన్‌లో ఒక వకీలు కార్యాలయంలో గుమాస్తా పని చేస్తూ, ఆ జీతంలోంచే డబ్బు కట్టి విమానం నడపడం నేర్చుకుంది. 1929 జూలైలో పైలట్ లైసెన్సు వచ్చింది. ఆమె అంతటితో ఆగలేదు. షెడ్డులో మెకానిక్కుల పక్కన నిలబడి, చేతులకు గ్రీజు పూసుకుని, ఇంజను విప్పి బిగించడం నేర్చుకుంది. ఆ ఏడాది చివరికి గ్రౌండ్ ఇంజనీరు లైసెన్సు కూడా సంపాదించింది. బ్రిటన్‌లో ఆ లైసెన్సు పొందిన మొదటి మహిళ ఆమే. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరువాత పనికొస్తుంది.

ఆమె ఎక్కిన విమానం డిహావిలాండ్ కంపెనీవారి జిప్సీ మాత్. సెకండ్ హ్యాండ్‌లో 600 పౌన్లకు కొన్నది. ఆ సొమ్ము తండ్రి సగం, చమురు వ్యాపారి లార్డ్ వేక్‌ఫీల్డ్ సగం ఇచ్చారు. తండ్రి వ్యాపారపు గుర్తు జేసన్. ఆ పేరే విమానానికి పెట్టుకుంది. ముదురు ఆకుపచ్చ రంగు మీద వెండి అక్షరాలు. ఒకదానిపై ఒకటిగా రెండు జతల రెక్కలు, ఆ చివరినుంచి ఈ చివరికి ముప్ఫై అడుగులు. చట్రమంతా కొయ్య, దానిమీద బిగించి కుట్టిన గుడ్డ, ఆ గుడ్డ మీద బిరుసెక్కడానికి పూసిన లేపనం. ఇంజను బలం నూరు గుర్రాలు. వేగం గంటకు సుమారు 130 కిలోమీటర్లు. పైకప్పు లేదు. వాన వస్తే పైలటు తడవవలసిందే. రేడియో లేదు. మ్యాపు, దిక్సూచి, కిందకనబడే నదులు, రైలు పట్టాలు, అంతే ఆధారం. అప్పటికి ఆమె గాలిలో గడిపిన సమయం మొత్తం కలిపినా వంద గంటలు లేదు.

మన శ్రోతల్లో కొందరికి ఒక సందేహం రావచ్చు. ఇంత చిన్న విమానాలు అప్పట్లో మన వైపు ఉండేవా అని. ఉండేవి. 1910లోనే మద్రాసులో డాంజెలిస్ అనే హోటలు యజమాని, సింప్సన్ కంపెనీవారి చేత విమానం కట్టించి ఎగిరి జనానికి చూపించాడు. 1932 అక్టోబరులో టాటాల టపా విమానం మొదలైనప్పుడు, కరాచీ నుంచి బొంబాయి దాకా జె.ఆర్.డి. టాటా, అక్కడినుంచి బళ్లారి మీదుగా మద్రాసుకు నెవిల్ విన్‌సెంట్ నడిపినవి కూడా డిహావిలాండ్ కంపెనీవారి చిన్న విమానాలే. బళ్లారి ఆనాడు మద్రాసు రాజధానిలోని జిల్లా. అంటే మన సరిహద్దు ఊళ్లవారికి విమానం మొదట కనబడింది ఇటువంటి తేలికపాటి యంత్రంగానే. సిమెంటు రన్‌వేలు అరుదు. రేసుకోర్సు, కవాతు మైదానం, ఆటస్థలం, ఏది చదునుగా కనబడితే అదే విమానాశ్రయం.

ఏమీ జాన్సన్ లక్ష్యం ఒక రికార్డు. 1928లో బెర్ట్ హింక్లర్ అనే ఆస్ట్రేలియా పైలటు ఇంగ్లండ్ నుంచి డార్విన్ రేవుకు పదిహేనున్నర రోజుల్లో చేరాడు. దాన్ని దాటాలని ఆమె పట్టుదల. వియన్నా, కాన్‌స్టాంటినోపుల్, అలెప్పో, బాగ్దాద్, బందర్ అబ్బాస్ మీదుగా మే 10న కరాచీ చేరింది. బాగ్దాద్ చేరే ముందు ఇసుక తుఫాను ఆమెను ఎడారిలో దింపేసింది. అయినా ఆరు రోజుల్లో హిందూ దేశం చేరింది. హింక్లర్ కంటే రెండు రోజులు ముందు. అంతదాకా పట్టించుకోని పత్రికలు అప్పుడు కళ్లు తెరిచాయి. ఆమె పేరు ఒక్కరాత్రిలో లోకమంతా తెలిసింది.

మరునాడు అలహాబాదు చేరాలనుకుంది. పెట్రోలు చాలక ఝాన్సీలో సైనికుల కవాతు మైదానంలో దిగవలసి వచ్చింది. అక్కడ కూడా విమానం ఆగవలసిన చోట ఆగలేదు. రెక్క దెబ్బతింది. ఒక ఊరి వడ్రంగి ఆ రెక్కను బాగుచేశాడు. ఆ వడ్రంగి పేరు మనకు తెలియదు. పన్నెండో తేదీన అలహాబాదు మీదుగా కలకత్తా, పదమూడో తేదీ తెల్లవారి రంగూన్ ప్రయాణం.

అక్కడినుంచే కష్టం మొదలయింది. కలకత్తానుంచి తీరం వెంబడి అక్యాబ్ దాకా వచ్చి, ఆపైన కొండల వరుస దాటి ఐరావతి మైదానంలోకి దిగాలి. ఋతుపవనపు తొలి మబ్బులు ఆ కొండలను కమ్మేసి ఉన్నాయి. పైకప్పు లేని విమానంలో, ముఖాన వాన కొడుతూ ఉంటే, కళ్లద్దాలు తుడుచుకుంటూ, ఎక్కడ కొండ ఉందో ఎక్కడ మబ్బు ఉందో తెలియక సాగింది. దిగవలసింది రంగూన్ రేసుకోర్సులో. వానలో అది కనబడలేదు. పొద్దు గుంకబోతోంది. నగరానికి ఉత్తరాన ఇన్‌సీన్ అనే చోట కింద ఒక పచ్చని మైదానం కనబడింది. ఇదే కావచ్చుననుకుని దిగింది.

అది రేసుకోర్సు కాదు. ప్రభుత్వ సాంకేతిక విద్యాలయంవారి ఫుట్‌బాల్ మైదానం.

ఇక్కడ కాస్త ఆగి, విమానం దిగడమంటే ఏమిటో చెప్పుకోవాలి. విమానానికి ఎగరడం కన్న దిగడం కష్టం. ఎగిరేటప్పుడు వేగం చేతిలో ఉంటుంది. దిగేటప్పుడు ఆ వేగాన్ని చంపాలి. మరీ చంపితే రెక్కలు గాలిని పట్టవు, విమానం రాయిలా పడుతుంది. చాలినంత చంపకపోతే నేలమీద దూరం సరిపోదు. జిప్సీ మాత్ నేలను తాకేటప్పుడు గంటకు అరవై ఐదు కిలోమీటర్ల దాకా వేగం ఉండేది. దానికి బ్రేకులు లేవు. తోక కింద చక్రం కూడా లేదు, ఒక కొయ్య పాదం లాంటిది ఉండేది. అది నేలను రాసుకుంటూ పోతే ఆ రాపిడికే విమానం నిలవాలి. పొడి నేలమీద అది చాలు. వానకు తడిసిన గడ్డి మీద ఆ పాదం జారిపోతుంది. పైగా ఫుట్‌బాల్ మైదానం పొడవు నూరు మీటర్లకు కాస్త ఎక్కువ. ఎదురుగా గోల్‌పోస్టులు. దిగేటప్పుడు ముక్కు పైకెత్తి ఉంటుంది కాబట్టి ముందేముందో పైలటుకు కనబడదు.

జరగవలసిందే జరిగింది. విమానం మైదానం చివరిదాకా జారిపోయి గుంటలోకి ముక్కు గుచ్చుకుంది. రెక్క విరిగింది, గుడ్డ చినిగింది, ప్రొపెల్లరు ముక్కలయింది, చక్రాల అమరిక దెబ్బతింది. ఆమెకు గాయాలు కాలేదు. కానీ తొమ్మిది రోజులుగా నిద్రలేని మనిషి. ఎదురుగా రికార్డు విరిగిపడి ఉంది. గుంటలో పడ్డ విమానాన్ని చూసి ఏడ్చేసిందని చెబితే మనం ఆశ్చర్యపోనక్కర్లేదు.

అయితే ఆమె అదృష్టం చూడండి. పడింది ఎక్కడ? ఇంజనీరింగు నేర్పే విద్యాలయం ముంగిట్లో. కొయ్యపని, ఇనుపపని నేర్చుకునే కుర్రవాళ్లు, నేర్పే ఉపాధ్యాయులు, వాళ్ల పనిశాల, అన్నీ చేతికందే దూరంలో. పగిలిన విమానాన్ని వాళ్లే బయటికి లాగారు. విరిగిన కొయ్య ముక్కలను కొలతలు తీసుకుని కొత్తగా చెక్కారు. ప్రొపెల్లరు మాత్రం ఆమె ముందుచూపుతో ఒకటి అదనంగా విమానానికి పక్కన కట్టి తెచ్చుకుంది. ఇక చిక్కంతా రెక్కల గుడ్డ దగ్గర వచ్చింది. విమానపు గుడ్డ మామూలు గుడ్డ కాదు, చిక్కగా నేసిన నారగుడ్డ. అది రంగూన్ బజారులో దొరకదు. అయితే మొదటి ప్రపంచయుద్ధం తరువాత మిగిలిపోయిన విమానపు గుడ్డ చవగ్గా అమ్ముడయినప్పుడు ఆ గుడ్డతో కొందరు చొక్కాలు కుట్టించుకున్నారట. ఆ చొక్కాలు విప్పి రెక్కలకు అతికారు. పైన పూసే లేపనం కూడా అయిపోయింది. ఒక మందుల షాపులో వాసన చూసి, పాళ్లు లెక్కగట్టి, అటువంటిదే కలిపి ఇచ్చారు. ఏమీ జాన్సన్ ఊరికే కూర్చుని చూడలేదు. ఇంజను పని తానే చేసుకుంది. గ్రౌండ్ ఇంజనీరు లైసెన్సు అక్కడ అక్కరకొచ్చింది. రెండు రోజుల్లో పని పూర్తయింది. మే 16న విమానం బ్యాంకాక్‌కు ఎగిరిపోయింది.

ఆ రెండు రోజులూ హింక్లర్ మీద ఉన్న ఆధిక్యాన్ని తినేశాయి. రికార్డు పోయింది. కానీ ప్రయాణం నిలిచింది. ముక్కూమొహం తెలియని ఒక పరదేశి అమ్మాయి కోసం ఒక ఊరి జనం ఒంటిమీది చొక్కాలు ఇచ్చారు. ఈ కథను లోకం చెప్పుకున్నది అందుకే.

ఇప్పుడు శ్రోతలు ఆ ఫుట్‌బాల్ మైదానం నుంచి దక్షిణంగా పదిమైళ్లు రంగూన్ రేవుకు రావాలి. ఆ రెండు రోజుల్లోనే ఆ రేవులో ఏం జరుగుతోందో చూడాలి.

1930 నాటి రంగూన్ జనాభా సుమారు నాలుగు లక్షలు. అందులో సగానికి మించి భారతీయులు. బర్మా మొత్తం మీద 1931 జనాభా లెక్కల ప్రకారం భారతీయులు పది లక్షల పదిహేడు వేలు. తెలుగువాళ్లు ఎక్కువగా చేసింది కాయకష్టం. రేవులో బియ్యం బస్తాలు మోయడం, బియ్యం మిల్లుల్లో పని, రిక్షాలు లాగడం, రైల్వే పని. బర్మావాళ్లు మనవాళ్లను కోరంగీలు అనేవారు. గోదావరి ముఖాన కోరంగి అనే పాత రేవు ఉండేది. 1839 తుఫానులో ఆ రేవు దెబ్బతిని పోయింది, కానీ ఆ పేరు సముద్రం దాటి ఒక జాతి పేరుగా బతికింది. మనవాళ్లు ఓడ ఎక్కింది కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ, మద్రాసు రేవుల్లో. డెక్కు మీద, ఎండకు, వానకు, మూడు నాలుగు రోజుల ప్రయాణం. టిక్కెట్టు డబ్బు మేస్త్రీ బయానాగా ఇచ్చేవాడు. దిగిన రోజునుంచే ఆ అప్పు తీరాలి. కూలి మేస్త్రీ చేతికి వచ్చి, కోతలు పోను కూలివాడి చేతికి వచ్చేది. పని ఉన్న రోజే కూలి.

1930 నాటికి ప్రపంచ మాంద్యం బర్మా మీద పడింది. బియ్యం ధర కూలిపోయింది. పల్లెల్లో అప్పులపాలై భూములు పోయిన బర్మా రైతులు పని వెతుక్కుంటూ నగరానికి రావడం మొదలుపెట్టారు. అటువంటి సమయంలో, మే మొదటి వారం చివర, భూకంపం వచ్చిన మూడు రోజులకు, రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచాలని సమ్మె కట్టారు. ఓడలు సరుకుతో నిలిచిపోయాయి. ఓడలకు సరుకు ఎక్కించి దించే కాంట్రాక్టు సంస్థలు బర్మా కూలీలను పిలిచి పనిలో పెట్టుకున్నాయి. వాళ్లకు అది మొదటిసారి దొరికిన పని. ఇన్‌సీన్‌లో జేసన్ రెక్కలకు గుడ్డ అతుకుతున్న రోజుల్లో రంగూన్ రేవులో పరిస్థితి ఇది. తెలుగువాళ్లు పనిమాని బయట కూర్చున్నారు. బర్మావాళ్లు వాళ్ల స్థానంలో బస్తాలు మోస్తున్నారు.

ఏమీ జాన్సన్ బ్యాంకాక్, సింగపూర్, జావా దాటుకుంటూ పోయింది. జావాలో ఒక చెరకు తోటలో దిగుతూ ఉంటే వెదురు కర్రలు గుచ్చుకుని రెక్కలకు చిల్లులు పడ్డాయి. వాటికి గాయాలకు వేసే అంటుపట్టీలు వేసుకుని ఎగిరింది. మే 24న డార్విన్ చేరింది. పంతొమ్మిది రోజుల ప్రయాణం. ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియాకు ఒంటరిగా ఎగిరిన మొదటి మహిళ అయింది. లోకమంతా సంబరం.

ఆ సంబరం ఇంకా పత్రికల్లో ఉండగానే, రెండు రోజులకు, మే 26 సోమవారం ఉదయం, రంగూన్ రేవులో రక్తం కారింది. కాంట్రాక్టు సంస్థలు తెలుగు కూలీలతో రాజీకి వచ్చాయి. కూలి కాస్త పెంచడానికి ఒప్పుకున్నాయి. తెలుగువాళ్లు పనిలోకి తిరిగి వచ్చారు. మంచిదే. కానీ రెండున్నర వారాలుగా పని చేస్తున్న బర్మా కూలీలను ఆ ఉదయం వచ్చాక, పని లేదు పొమ్మన్నారు. వాళ్లకు ముందుగా చెప్పినవాడు లేడు. భార్యలు మధ్యాహ్నానికి కట్టిచ్చిన అన్నంతో రేవుకు వచ్చినవాళ్లు, చేతులూపుకుంటూ తిరిగి వెళ్లాలి. ఎదురుగా పనిలోకి వెళ్తున్న తెలుగువాళ్లు. ఎవరో నవ్వారంటారు. ఎవరో మాట తూలారంటారు. కర్రలు లేచాయి. కత్తులు లేచాయి. గొడవ రేవునుంచి వీధుల్లోకి పాకింది. తెలుగువాళ్లు ఉండే బారకాసుల మీద దాడులు జరిగాయి. రిక్షాలు లాగేవాళ్లు, ఈ సమ్మెతో ఏ సంబంధం లేనివాళ్లు, భాషవల్ల దొరికిపోయారు. కొద్ది రోజులపాటు నగరం స్తంభించింది. వేలమంది భారతీయులు గుంపులుగా ఒకచోట చేరి తలదాచుకున్నారు. దొరికిన ఓడ ఎక్కి ఇంటిదారి పట్టినవాళ్లు ఎందరో. అధికారుల లెక్క ప్రకారమే వందమందికి పైగా చనిపోయారు, తొమ్మిది వందల మంది దాకా గాయపడ్డారు. అసలు సంఖ్య అంతకు ఎన్నో రెట్లన్నవారు ఉన్నారు.

తప్పెవరిది? బర్మా కూలిది కాదు, తెలుగు కూలిది కాదు అంటే చంపిన చేతులను మన్నించినట్టు కాదు. చంపడం చంపడమే. కానీ ఇద్దరికీ ఒకే పని చూపించి, ఒకరిమీద ఒకరిని వాడుకుని, పని తీరాక ఒకరిని గేటు బయట నిలబెట్టిన వ్యవస్థ ఒకటి ఉంది. ఇద్దరిలో ఎవరికీ అది కనబడలేదు. కనబడింది ఎదుటివాడి భాష, ఎదుటివాడి కట్టు. ఆ రోజు ఉదయం కాంట్రాక్టు సంస్థల గుమాస్తా ఒకడు ముందురోజే బర్మా జట్ల దగ్గరికి వెళ్లి ఒక్క మాట చెప్పి ఉంటే, రేవు పనిని ఇద్దరికీ పంచే ఏర్పాటు ఒకటి చేసి ఉంటే, కథ వేరుగా ఉండేదేమో. గొడవల తరువాత అధికారులు చేసింది ఆ ఏర్పాటే. రేవు పనిలో బర్మావాళ్లకూ వాటా ఇచ్చారు. అంత మంది పోయాక తోచిన ఉపాయం అంతకు ముందురోజు తోచలేదు.

విమానం దిగేటప్పుడు వేగాన్ని చంపాలన్నాను. సమ్మె ముగించడం కూడా అటువంటిదే. సమ్మె మొదలుపెట్టడం కన్న దించడం కష్టం. ఎవరి పని ఎవరికి పోతుందో, ఎంత దూరంలో ఏ గుంట ఉందో చూసుకోకుండా దించితే గుంటలో పడేది కూలివాడే.

ఆ తరువాతి కథ క్లుప్తంగా చెబుతాను. డార్విన్ చేరిన అయిదు రోజులకు, మే 29న, బ్రిస్బేన్‌లో దిగుతూ ఏమీ జాన్సన్ విమానం మైదానం దాటిపోయి కంచె దగ్గర తలకిందులయింది. ఆమె నవ్వుతూ బయటికి వచ్చింది. ఆమె ప్రయాణంలో దిగిన చోటల్లా ఏదో ఒక చిక్కే. రెండో ప్రపంచయుద్ధంలో విమానాలను ఒక చోటునుంచి మరొక చోటికి చేర్చే పనిలో చేరి, 1941 జనవరి 5న థేమ్స్ నది ముఖద్వారంలో నీళ్లలో పడి మరణించింది. ఇన్‌సీన్‌లో చొక్కాగుడ్డతో అతికిన ఆ జేసన్ విమానాన్ని లండన్ సైన్స్ మ్యూజియంలో భద్రం చేశారు.

రంగూన్ తెలుగువాళ్లకు అటువంటి మ్యూజియం లేదు. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక 1942లో లక్షలమంది భారతీయులు బర్మా వదిలారు. ఓడ దొరకనివాళ్లు అరకాన్ కొండలమీదుగా, మణిపూర్ అడవులమీదుగా నడిచి వచ్చారు. దారిలో పోయినవాళ్లు పోయారు. యుద్ధం తరువాత కొందరు తిరిగి వెళ్లారు. 1962లో సైనిక ప్రభుత్వం వచ్చి, 1964లో వ్యాపారాలను జాతీయం చేశాక, మళ్లీ లక్షలమంది వెనక్కి రావలసి వచ్చింది. ఆ ఓడలు విశాఖపట్నంలోనూ మద్రాసులోనూ ఆగాయి. విశాఖలో బర్మా క్యాంపు, మద్రాసు రేవు ఎదుట బర్మా బజారు అలా పుట్టినవే. ఉత్తర మద్రాసు పేటల్లో వచ్చినవాళ్లు వచ్చినట్టు సర్దుకున్నారు. ఎవరి పక్కన ఎవరు గుడిసె వేసుకున్నారో, ఎవరి కొళాయిలో ఎవరు నీళ్లు పట్టుకున్నారో, అప్పటికి భాష ఎవరూ అడగలేదు. అడిగే ఓపిక లేదు.

మనం సరిహద్దు జిల్లాలవాళ్లం. పొద్దున ఒక భాషలో బేరమాడి, సాయంత్రం మరొక భాషలో కబుర్లు చెప్పుకునేవాళ్లం. పక్కవాడి భాష మనకు కొత్త కాదు, మన భాష పక్కవాడికి కొత్త కాదు. అయినా పని కరువైన రోజున, నీళ్లు కరువైన రోజున, ఎదుటివాడి భాషే మొదట కంటికి కనబడే ప్రమాదం మనకూ ఉంది. రంగూన్‌లో ఒకే నెలలో రెండూ జరిగాయి. ఇన్‌సీన్ మైదానంలో గుంటలో పడ్డ అమ్మాయిని, నీదే భాష, నీదే దేశం అని ఎవరూ నిలదీయలేదు. విరిగింది ఏమిటో చూశారు, బాగుచేశారు. పదమూడు రోజుల తరువాత, పదిమైళ్ల దూరంలో, రేవుగేటు దగ్గర మొదట అడిగింది ఆ ప్రశ్నే.

మీ ఇంట్లోగాని, మీ ఊళ్లోగాని రంగం వెళ్లివచ్చిన పెద్దల జ్ఞాపకాలు ఎవరి దగ్గరైనా మిగిలి ఉంటే, ఒక పాత ఓడ టిక్కెట్టు, ఒక ఉత్తరం, ఒక ఫోటో ఉంటే, వాటిని జాగ్రత్త చేయండి. వాళ్లు చెప్పిన మాటలను కాగితంమీద రాసి పెట్టండి. తరువాతి తరానికి ఆ కాగితాలే మన మ్యూజియం.